కంటి వైద్యుల చదువు: మొదటి కోత ఎవరి కంటి మీద?

కంటి రోగాలను గుర్తుపట్టడం పుస్తకాలతో, చిత్రాలతో కొంతవరకు నేర్పవచ్చు. కంటి ఆపరేషన్ మాత్రం చేత్తో చేస్తేనే వస్తుంది. పెద్దవాళ్ళ కనుగుడ్డు అడ్డంగా 24 మిల్లీమీటర్లు ఉంటుంది. నల్లగుడ్డు మీది పారదర్శక పొరకూ లోపలి కటకానికీ మధ్య ఖాళీ 3 మిల్లీమీటర్లు. కటకాన్ని వెనక నుంచి పట్టి ఉంచే పొర మందం వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. పొట్ట కోసే సర్జన్‌కి చెయ్యి తడబడితే సర్దుకోవడానికి కాస్త జాగా దొరుకుతుంది. కంటి సర్జన్‌కి ఆ వెసులుబాటు లేదు. అందువల్ల నేర్చుకునేవాడి మొదటి కోత ఎవరి కంటి మీద పడాలన్న ప్రశ్న ఈ విద్యను మొదటి నుంచీ వెంటాడుతూనే ఉంది. ఒక్కో కాలం దానికి ఒక్కో జవాబు చెప్పుకుంది. కొన్ని జవాబులు గర్వంగా చెప్పుకోదగ్గవి, కొన్ని అంత గొప్పవేమీ కావు.

మన దేశంలో ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న తొలి గ్రంథం సుశ్రుత సంహిత. అందులో సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయమంతా చేతి సాధన గురించే. శాస్త్రమంతా చదివినా సాధన లేనివాడు శస్త్రకర్మకు పనికిరాడని గ్రంథకర్త ముందే తేల్చేస్తాడు. తర్వాత దేని మీద ఏది సాధన చెయ్యాలో వరసగా చెబుతాడు. కోయడానికి గుమ్మడి, సొర, పుచ్చ, దోస కాయలు. చీల్చడానికి నీళ్ళో బురదో నింపిన తోలు సంచులు, జంతువుల మూత్రాశయాలు. గీకడానికి వెంట్రుకలు ఊడని తోలు. పొడవడానికి చచ్చిన పశువు రక్తనాళాలు, తామర తూళ్ళు. శలాకతో లోతు వెతకడానికి పురుగు తిన్న కర్ర, వెదురు. లోపలిదాన్ని బయటికి లాగడానికి పనస, మారేడు పండ్ల గుజ్జు. కుట్టడానికి మందపాటి గుడ్డ అంచులు, మెత్తని తోలు. కట్టు కట్టడానికి బొమ్మలు. ప్రాణమున్న మనిషి ఈ జాబితాలో ఎక్కడా లేడు. చదువు, ఇతరులు చేస్తుండగా చూడడం, తాను సాధన చెయ్యడం ఈ మూడూ అయ్యాక కూడా రాజు అనుమతి ఉంటేనే వైద్యుడు వృత్తిలోకి దిగాలని పదో అధ్యాయం నియమం పెట్టింది. ఈనాటి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కి ఇంతకన్నా పాత పూర్వరూపం వెతకడం కష్టం.

కంటి రోగాలు ఆ గ్రంథంలో ఉత్తర తంత్రంలో వస్తాయి. అక్కడ లెక్కకు వచ్చినవి 76. శుక్లానికి చేసే శస్త్రకర్మ వర్ణన పదిహేడో అధ్యాయంలో ఉంది. ఎనిమిది వేళ్ళ వెడల్పంత పొడవున్న శలాక. రాగిదో ఇనుపదో బంగారందో. నడుమ దారం చుట్టి ఉంటుంది, కొసలు మొగ్గ ఆకారంలో ఉంటాయి. రోగి తన ముక్కు వైపు చూపు నిలిపి కూర్చుంటాడు. వైద్యుడు ఎడమ కంటికి కుడి చెయ్యి, కుడి కంటికి ఎడమ చెయ్యి వాడాలి. తెల్లగుడ్డులో రక్తనాళాలు తప్పించి పక్క నుంచి గుచ్చాలి. సరిగ్గా గుచ్చుకుంటే చిన్న చప్పుడు వినిపించి ఒక నీటిబొట్టు బయటికి వస్తుందట. నేర్చుకునేవాడికి ఇంతకన్నా అక్కరకొచ్చే గుర్తు ఉండదు. ఈ వాక్యం రాసినవాడు ఆ పని తన చేత్తో చేసి ఉండాలి, లేదా చేసేవాడి పక్కనే నిలబడి చూసి ఉండాలి. తర్వాత మసకబారిన కటకాన్ని చూపుదారి నుంచి పక్కకు నెడతారు. రోగికి వస్తువులు కనపడగానే శలాక తీసి, నెయ్యి పట్టించి కట్టు కడతారు. తుమ్ము, దగ్గు, తేన్పు రాకుండా వెల్లకిలా పడుకోబెడతారు.

ఈ విద్య ఒక్క దేశంలోనే ఉండిపోలేదు. తాంగ్ వంశ కాలంలో భారతదేశం నుంచి వెళ్ళిన వైద్యులు చైనాలో శుక్లాలు నెట్టేవారు. అలాంటి ఒక బ్రాహ్మణ సన్యాసిని ఉద్దేశించి కవి ల్యూ యూషీ పద్యం రాశాడు. నాగార్జునుడి పేరు మీద అక్కడ ఒక కంటివైద్య గ్రంథమే చలామణీ అయింది. అది ఆయన రాసిందేనా అన్నది వేరే సంగతి.

మన దేశంలో మాత్రం గ్రంథం ఒకచోట, చెయ్యి ఒకచోట మిగిలాయి. సంస్కృతం చదివిన వైద్యులు క్రమంగా శలాక పక్కన పెట్టి కాటుకలు, కషాయాలు, పథ్యాలకు పరిమితమయ్యారు. శలాక పట్టిన చేతులకు సంస్కృతం అందలేదు. శుక్లాలు నెట్టే పని తండ్రి నుంచి కొడుక్కు దిగే కులవృత్తిగా, ఊరూరా తిరిగేవాళ్ళ బతుకుతెరువుగా మారింది. గుమ్మడికాయలు, తోలు సంచులు మాయమయ్యాయి. పిల్లవాడు తండ్రి వెంట తిరుగుతూ చూసి నేర్చుకునేవాడు, నేరుగా రోగి కంటి మీదే మొదలుపెట్టేవాడు. నెట్టిన కటకం కంటి వెనక భాగంలోకి జారి పడుతుంది. కొన్నాళ్ళు చూపు బాగానే ఉంటుంది. ఆ తర్వాత చాలామందికి వాపో చీమో నీటికాసులో వచ్చి కన్నే పోయేది. అప్పటికి వైద్యుడు నాలుగు ఊళ్ళు దాటిపోయి ఉండేవాడు. తన పని ఎలా ముగిసిందో ఎన్నడూ చూడని గురువు శిష్యుడికి ఏం నేర్పగలడు? చేతినేర్పు చేతులు మారింది కానీ, ఫలితం తాలూకు జ్ఞానం చేతులు మారలేదు.

ఐరోపాలోనూ కథ ఇంతే. 1750లో సంగీతకారుడు బాఖ్ కళ్ళకు రెండుసార్లు శస్త్రం వేసిన జాన్ టేలర్ కూడా గుర్రపు బండిలో ఊరూరా తిరిగిన కంటి వైద్యుడే. బాఖ్ అదే ఏడు జులైలో చనిపోయాడు. సంచార వైద్యుల కాలానికి అక్కడ తెరదించిన పని ఫ్రాన్సులో జరిగింది. 1747లో జాక్ దావియెల్ కటకాన్ని నెట్టడానికి బదులు నల్లగుడ్డు అంచున కోసి బయటికే తీశాడు. నెట్టే పనికంటే ఇది ఎన్నో రెట్లు కష్టం కాబట్టి ఒకచోట కూర్చుని నేర్చుకోవలసిన అవసరం పడింది. 19వ శతాబ్దం రెండో దశాబ్దంలో వియన్నా విశ్వవిద్యాలయం గెయార్గ్ జోసెఫ్ బీర్‌ను నేత్రవైద్య ఆచార్యుడిగా నియమించింది. ఈ విద్యకు ప్రపంచంలో ఏర్పడ్డ తొలి ఆచార్య పీఠం అది. లండన్‌లో 1805లో మొదలైన మూర్‌ఫీల్డ్స్ ఆస్పత్రి పుట్టుకకు యుద్ధమూ ఒక కారణం. ఈజిప్టు నుంచి తిరిగొచ్చిన సైనికుల కళ్ళకు అంటుకున్న ట్రకోమా ఇంగ్లండంతా పాకుతున్న రోజులవి.

మూర్‌ఫీల్డ్స్ తరహాలోనే 1819లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఒక కంటి ఆస్పత్రి పెట్టింది. రాబర్ట్ రిచర్డ్‌సన్ దాని తొలి అధిపతి. మొదట రాయపేటలో ఉన్న ఈ ఆస్పత్రి తర్వాత ఎగ్మూరుకు చేరింది. ప్రపంచంలోని పాత కంటి ఆస్పత్రుల్లో ఇదొకటి. కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నంతకాలం తెలుగు రోగులకూ తెలుగు వైద్య విద్యార్థులకూ పెద్ద కంటి ఆస్పత్రి అంటే అదే. ఇంచుమించు అదే కాలంలో తంజావూరులో రాజు రెండో శరభోజీ కంటి రోగుల వివరాలను రంగుల బొమ్మలతో సహా రాయించి పెట్టాడు. చికిత్సకు ముందు కన్ను ఎలా ఉందో, ఏం చేశారో నమోదు చేసిన ఆ పత్రాలు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఉన్నాయి. సంచార వైద్యుల దగ్గర లేని ఫలితాల రికార్డు ఇక్కడ ఒక రాజు ముచ్చటగా మొదలైంది. దాని చుట్టూ ఒక పాఠశాల మాత్రం పెరగలేదు.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వచ్చిన రెండు మార్పులు శిక్షణ స్వభావాన్నే మార్చాయి. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ వెల్లడించిన ఆఫ్తాల్మోస్కోపుతో బతికున్న మనిషి కంటి అడుగు కనపడింది. గురువు చూసినదే శిష్యుడూ చూసి, ఇద్దరూ దాని గురించి మాట్లాడుకునే వీలు వచ్చింది. రెండోది 1884లో కార్ల్ కోలర్ కనిపెట్టిన కొకెయిన్ చుక్కలు. అంతకుముందు రోగిని నలుగురు గట్టిగా పట్టుకుంటే ఆపరేషన్ నిమిషాల్లో ముగించాలి. ఆ తొందరలో శిష్యుడి చేతికి కత్తి ఇవ్వడం అసాధ్యం. కన్ను మొద్దుబారాక మెల్లగా చెయ్యడం, మధ్యలో ఆగడం, చెయ్యి పట్టి దిద్దడం సాధ్యపడ్డాయి.

ఎగ్మూరు ఆస్పత్రిని 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నడిపిన రాబర్ట్ హెన్రీ ఇలియట్ నీటికాసుల ఆపరేషన్‌తో పేరు తెచ్చుకున్నాడు. శిక్షణ చరిత్రలో ఆయన చోటు మాత్రం వేరే పని వల్ల వచ్చింది. సంచార వైద్యులు నెట్టగా పాడైన కళ్ళను సేకరించి, కోసి, లోపల ఏం జరిగిందో పరీక్షించి, ఆ మీద లండన్‌లో ఉపన్యాసాలిచ్చి పుస్తకం రాశాడు. ఎగ్మూరులో ఆయన పేరిట ఉన్న మ్యూజియం విద్యార్థులకు చెడిపోయిన కళ్ళ పాఠశాల అయింది. తరతరాలుగా ఎవరూ వెనక్కి వచ్చి చూడని ఫలితాలను గాజు సీసాల్లో పెట్టి చూపించడం గొప్ప బోధనే. అయితే సంచార వైద్యుడి దగ్గరికి జనం ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకు ఆ సీసాల్లో జవాబు దొరకదు. ఊళ్ళో వేరే వైద్యుడు లేడు, అంతే.

పంజాబులో మరో రకం బడి నడిచింది. జలంధర్‌లోనూ తర్వాత అమృతసర్‌లోనూ పనిచేసిన హెన్రీ స్మిత్ కటకాన్ని దాని సంచితో సహా బయటికి నొక్కి తీసే పద్ధతిని వేల కళ్ళ మీద సాధన చేశాడు. ఆపరేషన్ చేస్తూ నోట్లో చుట్ట కాల్చేవాడని పేరు. అమెరికా నుంచి, ఇంగ్లండ్ నుంచి వైద్యులు ఓడలెక్కి ఆయన దగ్గరికి వచ్చేవారు. స్వదేశంలో ఏళ్ళు గడిచినా దొరకనన్ని శుక్లాల కేసులు పంజాబులో కొన్ని వారాల్లో చేతికి వచ్చేవి. సింధులో శికార్‌పూర్ దగ్గర హెన్రీ హాలండ్ నడిపిన శిబిరాలకూ విదేశీ సర్జన్లు ఇందుకోసమే చేరేవారు. మొదటి కోత ఎవరి కంటి మీద అన్న ప్రశ్నకు ఆ కాలం ఇచ్చిన జవాబు ఇది: పేద రైతు కంటి మీద. చూపు తిరిగొచ్చిన రైతుకు అది మేలే. ఆ మేలుతో పాటు తన కన్ను ఒకరి పాఠం కూడా అయిందని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

తెలుగు గడ్డ మీద చదువు రెండు దారుల్లో సాగింది. హైదరాబాద్‌లో 1846లో మొదలైన వైద్య పాఠశాల తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. కాలేజీ అయ్యాక నిజాం పాలన ముగిసేదాకా అక్కడ పాఠాలు ఉర్దూలోనే. కోస్తాలో విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో, గుంటూరు కాలేజీ 1946లో వచ్చాయి. ఈ కాలేజీల్లో చాలాకాలం కంటి విభాగమంటే జనరల్ సర్జరీ పక్కన ఒక వార్డు. ఎంబీబీఎస్ విద్యార్థి అక్కడ కొన్ని వారాలు తిరిగి, కళ్ళకలక, పువ్వు, శుక్లం గుర్తుపట్టడం నేర్చుకుని బయటపడేవాడు. కంటినే వృత్తిగా తీసుకోదలచినవారు ఎగ్మూరులో డిప్లొమా చెయ్యాలి, లేదంటే ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళాలి. అఖిల భారత నేత్రవైద్య సంఘం 1930లో ఏర్పడింది. ఎగ్మూరులో 1945లో దేశంలోని తొలి నేత్రనిధిని డాక్టర్ ఆర్.ఇ.ఎస్. ముత్తయ్య ప్రారంభించారు. స్వాతంత్ర్యం వచ్చాక రెండేళ్ళ డిప్లొమా, మూడేళ్ళ ఎంఎస్ కోర్సులు ఒక్కో కాలేజీకీ విస్తరించాయి. 1967లో ఢిల్లీ ఎయిమ్స్‌లో రాజేంద్రప్రసాద్ నేత్ర విజ్ఞాన కేంద్రం వచ్చింది. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి దవాఖానా, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి తెలుగు పీజీలకు ప్రధాన శిక్షణాలయాలయ్యాయి.

ఆ తరం పీజీకి అసలు బడి కంటి శిబిరం. సరోజినీ దేవి ఆస్పత్రికి చిరకాలం పెద్ద దిక్కుగా ఉన్న డాక్టర్ పెరుగు శివారెడ్డి, మధురైలో డాక్టర్ జి. వెంకటస్వామి వంటివారు శిబిరాలను ఊళ్ళలోకి తీసుకెళ్ళారు. హైస్కూలు గదులో సత్రమో థియేటర్ అయ్యేది. బెంచీలు కలిపి బల్ల చేసేవారు. ఆపరేషన్ అయినవాళ్ళు తలకు రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టుకుని వరసగా కదలకుండా పడుకునేవారు. కటకం లేని కంటికి తర్వాత సోడాబుడ్డి అద్దాలు. కొత్త పీజీ తొలి శిబిరంలో కేస్ షీట్లు రాసి, కట్లు కట్టేవాడు. తర్వాతి శిబిరంలో మత్తు సూది వెయ్యనిచ్చేవారు. ఆ తర్వాత కుట్లు. గురువుకు నమ్మకం కుదిరాక ఒకనాడు పూర్తి కేసు. క్రమం బాగుంది. కానీ ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలన్నది గురువు మనసును బట్టీ, శిబిరం రద్దీని బట్టీ సాగేది. వంద మంది ఎదురు చూస్తున్న చోట గురువు పక్కనే నిలబడి దిద్దడం కుదరని రోజులు ఎన్నో. వెంకటస్వామి చేతివేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు పోయాయి. ప్రసూతి వైద్యం మానేసి కంటి వైపు వచ్చిన ఆయన, ఆ వేళ్ళకు వీలయ్యేలా పరికరం పట్టడం తనకు తానే నేర్చుకున్నారు. 1951లో ఎగ్మూరులో డిప్లొమా తీసుకున్నారు. ఉద్యోగ విరమణ తర్వాత 1976లో 11 పడకలతో అరవింద్ ఆస్పత్రి మొదలుపెట్టారు.

అదే 1976లో కేంద్రం జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రాంతీయ నేత్ర సంస్థలు, జిల్లా ఆస్పత్రుల్లో కంటి విభాగాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు రెండేళ్ళ శిక్షణ పొందిన ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్లు దాని ఫలితాలే. చూపు పరీక్ష, అద్దాల నంబరు, శుక్లాల గుర్తింపు వాళ్ళ చేతికి వెళ్ళాక డాక్టరుకు థియేటర్‌లో గడిపే సమయం పెరిగింది.

పెద్ద కుదుపు కృత్రిమ కటకంతో వచ్చింది. 1949 నవంబరులో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి అమర్చిన ప్లాస్టిక్ కటకం భారతీయ పేదవాడి కంటికి చేరడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది. 1992లో మధురైలో అరోల్యాబ్ తయారీ మొదలుపెట్టి, నూరు డాలర్ల దగ్గరున్న ధరను పదో వంతుకు దించింది. దాంతో దేశమంతా ఉన్న కంటి సర్జన్లు తమకు బాగా వచ్చిన పనిని మరిచి కొత్తది నేర్చుకోవలసి వచ్చింది. సంచితో సహా కటకాన్ని లాగేసే చేతికి ఇప్పుడు ఆ సంచిని జాగ్రత్తగా మిగల్చడం రావాలి. కొత్త కటకం కూర్చునేది అందులోనే. భూతద్దాల కళ్ళజోడుతో పనిచేసినవాళ్ళు మైక్రోస్కోపు కింద, కాలితో పెడల్ నొక్కుతూ చెయ్యాలి. 1990ల మధ్యలో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో నడిచిన శుక్లాల ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాతికేళ్ళ సర్వీసున్న జిల్లా ఆస్పత్రి సర్జన్లు మళ్ళీ శిష్యులై కొన్ని వారాల శిక్షణకు వెళ్ళారు. మైక్రోస్కోపు ఆస్పత్రి వెలుపల పనికిరాదు కాబట్టి, స్కూలు గదుల ఆపరేషన్లు కూడా దీనితోనే సన్నగిల్లాయి. శిబిరం ఇప్పుడు రోగులను ఎంచి బస్సులో ఆస్పత్రికి చేర్చే చోటు మాత్రమే.

మైక్రోస్కోపు బోధనకు చేసిన మేలు మరొకటి ఉంది. పాతకాలంలో గురువు భుజం వెనక నిలబడ్డ శిష్యుడికి కనిపించేది గురువు వేళ్ళే. పక్కన ఇంకో కన్ను పెట్టి చూసే గొట్టం, ఆ తర్వాత కెమెరా, టీవీ తెర వచ్చాక సంచి పొర ఎక్కడ చిరుగుతోందో ఇద్దరికీ ఒకేసారి కనిపిస్తోంది.

కృష్ణా జిల్లా ఈడుపుగల్లు నుంచి గుంటూరు మెడికల్ కాలేజీ, ఢిల్లీ ఎయిమ్స్, అమెరికా మీదుగా తిరిగొచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో పని మొదలుపెట్టింది. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళం దానికి ఆధారం. ఎంఎస్ తర్వాత కార్నియా, రెటీనా, నీటికాసులు, పిల్లల కళ్ళు అంటూ ఒక్కో భాగంలో ఫెలోషిప్ ఇచ్చే పద్ధతి మద్రాసు శంకర నేత్రాలయ, అరవింద్‌లతో పాటు ఇక్కడ గట్టిపడింది. 1996లో ముథోల్‌లో తొలి గ్రామీణ కేంద్రం తెరిచాక, పల్లె యువతులకు, యువకులకు ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా తయారుచేసే పని కూడా చేపట్టారు. సుమారు 50,000 జనాభాకు ఒక విజన్ సెంటర్ అన్న లెక్కన వీళ్ళు పనిచేస్తారు.

ఇప్పటి పీజీ మొదటి కోత మేక కంటి మీద పడుతుంది. మాంసం కొట్టు నుంచి పొద్దున్నే తెచ్చిన కళ్ళను నల్లగుడ్డు మసకబారకముందే థర్మోకోల్ తలలో బిగించి మైక్రోస్కోపు కింద పెడతారు. మేక కటకం మెత్తన కాబట్టి ముదిరిన శుక్లం లక్షణం రావడానికి ఫార్మలిన్ ఎక్కించడమో మైక్రోవేవ్‌లో కొన్ని సెకన్లు ఉంచడమో చేస్తారు. దాని పొర మనిషి పొర కన్నా మందం, సాగుతుంది కూడా. అందుకే పొరను గుండ్రంగా చింపడం టమాటా తొక్క మీద కూడా సాధన చేయిస్తారు. మనిషి కంటి మీదికి వచ్చాక చాలాచోట్ల చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు నేర్పుతారు. ముందు కన్ను కడిగి ముగించడం, తర్వాత కటకం అమర్చడం, ఆఖరున శుక్లం ముక్కలు చెయ్యడం. కేసు చెడే ప్రమాదం ఎక్కువున్న మెట్టు అలా చివరికి వస్తుంది. పెద్ద సంస్థల్లో కంప్యూటర్ సిమ్యులేటర్లు వచ్చాయి. చెయ్యి వణికితే, పరికరం పొరకు తగిలితే అవి మార్కులు తగ్గిస్తాయి.

ఇంత ఉన్నా కాలేజీకీ కాలేజీకీ తేడా పెద్దదే. ఒకచోట ఎంఎస్ ముగిసేసరికి విద్యార్థి లాగ్‌బుక్‌లో సొంత చేతి కేసులు వందల్లో ఉంటాయి. మరోచోట సీనియర్లకే కేసులు చాలక పీజీ మూడేళ్ళూ అసిస్ట్ చేస్తూ గడుపుతాడు. పట్టా ఇద్దరికీ ఒకటే. చివరి పరీక్ష థీసిస్‌నూ రోగ నిర్ధారణనూ బాగానే తూస్తుంది, చేతిని అంతగా తూయదు. ఆ లోటు పూడ్చుకోవడానికే చాలామంది ఎంఎస్ తర్వాత ఫెలోషిప్‌కి వెళుతున్నారు. కొన్ని చోట్ల అది తక్కువ స్టైపెండుతో చాకిరీగా మారిందన్న ఫిర్యాదులూ ఉన్నాయి. రెండేళ్ళ డిప్లొమా సీట్లను మెడికల్ కాలేజీల్లో చాలావరకు ఎంఎస్ సీట్లుగా మార్చేశారు. జాతీయ వైద్య కమిషన్ నిబంధన ప్రకారం ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచెయ్యాలి. కంటి పీజీలకూ ఇది వర్తిస్తుంది.